మేడ మీద నుంచి గాలిలోని నైట్రోజన్ డయాక్సైడ్ కొలవడం: ముందు కోణం చూసుకోండి

ఆకాశపు వెలుగును వేర్వేరు కోణాల్లో చూసి గాలిలోని వాయువులను కొలిచే పరికరం మాక్స్-డోయాస్. దాన్ని పెట్టుకుందామనుకునేవాళ్ళు ముందు సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతారు. అది ఆఖరి పని. కొలతలు చెడేది మేడ మీద, టెలిస్కోప్ బిగించేటప్పుడే.

సంగతి ఇదీ. నైట్రోజన్ డయాక్సైడ్ నీలి వెలుగును మింగుతుంది, అదీ ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర ఒక్కో మోతాదులో. ఆ హెచ్చుతగ్గుల వరస ఇంకే వాయువుకూ ఉండదు. టెలిస్కోప్‌ను సూర్యుడి మీదికి కాకుండా ఉత్త ఆకాశం మీదికి తిప్పి, గాలిలో చెదిరి వచ్చే వెలుగును, దాన్ని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్‌కు పంపిస్తాం. దిగంతానికి దగ్గరగా చూస్తే ఆ వెలుగు నేలను ఆనుకున్న మురికి గాలిలో కిలోమీటర్ల కొద్దీ నడిచి వస్తుంది, నడినెత్తిన చూస్తే ఆ పొరను నిలువునా దాటేస్తుంది. పైన స్ట్రాటోస్ఫియర్‌లో నడిచిన దూరం రెండింటికీ దాదాపు ఒకటే, సూర్యుడి వెలుగులోనే ఉండే నల్ల గీతలు, అంటే ఫ్రాన్‌హోఫర్ గీతలూ అవే, కాబట్టి రెండింటినీ పోలిస్తే అవి కొట్టుకుపోయి కింది గాలిలో ఉన్నదే మిగులుతుంది.

దిగంతం నుంచి పైకి మామూలుగా తిప్పే కోణాలు 1, 2, 3, 5, 10, 30, 90 డిగ్రీలు. 1కీ 2కీ తేడా ఒక్క డిగ్రీయే కదా, మరి మీ సున్నా ఎక్కడుందో మీకు కచ్చితంగా తెలుసా? నాకు తెలియలేదు. స్టాండు మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యలో ఉందని చూసుకుని మొదలుపెట్టేశాను. లోపల టెలిస్కోప్ గొట్టమే కొంచెం కిందికి వాలి ఉందని రెండు వారాల తర్వాత తెలిసింది, ఆ రెండు వారాల డేటా గంగపాలు.

తర్వాత పనికొచ్చింది మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం. టెలిస్కోప్ మూతి దగ్గర ఒక కొస, ఎదురుగా దూరంగా ఉన్న పిట్టగోడ దగ్గర ఇంకో కొస పట్టుకుని, రెండు వైపులా నీటి మట్టం ఆగాక అదే ఎత్తున గోడ మీద ఒక చిన్న బల్బు పెట్టండి. చీకటి పడ్డాక మోటార్‌ను మైనస్ 3 నుంచి ప్లస్ 3 దాకా 0.1 డిగ్రీ చొప్పున తిప్పుతూ పొండి. వెలుగు గరిష్ఠంగా వచ్చిన చోటే మీ సున్నా. 10 మీటర్ల దూరంలో 17 సెంటీమీటర్ల ఎత్తు తేడా ఒక డిగ్రీతో సమానం, కాబట్టి ఒక సెంటీమీటర్ అటూ ఇటూ అయినా భయం లేదు. గాలివానలు వచ్చి వెళ్ళాక మళ్ళీ చూసుకోండి.

ఏ వైపు తిప్పాలి? యూరప్ వాళ్ళ సూచనల్లో ఉత్తరం అని ఉంటుంది, అక్కడ అది సరే. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరానికే ఉంటాడు. ఆ కాలం మొదట్లో, చివర్లో అయితే సరిగ్గా నడినెత్తికే వస్తాడు, 90 డిగ్రీల చూపులోకి నేరుగా ఎండ దిగి డిటెక్టర్ నిండిపోతుంది. అలాంటి రోజుల్లో మిట్టమధ్యాహ్నపు స్పెక్ట్రమ్‌లు మొహమాటం లేకుండా తీసేయండి. ఎదురుగా నీళ్ళ ట్యాంకులు, చెట్లు అడ్డురాకూడదని వేరే చెప్పక్కర్లేదు.

స్పెక్ట్రోమీటర్‌ను మాత్రం ఎండలో వదలొద్దు. వేడి మారితే తరంగదైర్ఘ్యాలు జరుగుతాయి. గదిలో పెట్టి ఫైబర్ కేబుల్‌తో కలపండి, ఉష్ణోగ్రత స్థిరంగా ఉంచండి. వెలుగు లేనప్పుడు డిటెక్టర్ చూపే డార్క్ స్పెక్ట్రమ్‌లు రాత్రిపూట తీసుకోండి.

ఇక సాఫ్ట్‌వేర్. స్పెక్ట్రమ్ చూసి ఏ వాయువు ఎంతుందో లెక్కగట్టే బెల్జియం వాళ్ళ క్యూడోయాస్ ఉచితమే. 425–490 నానోమీటర్ల మధ్య నైట్రోజన్ డయాక్సైడ్‌తో పాటు ఓజోన్, నీటి ఆవిరి, ఆక్సిజన్ జంట అయిన ఓ4, గాలి అణువుల మీద చెదిరేటప్పుడు వెలుగు తరంగదైర్ఘ్యం కాస్త మారడాన్ని సరిచేసే రింగ్ స్పెక్ట్రమ్ కూడా వేయండి. రిఫరెన్స్‌గా అదే స్కాన్‌లోని 90 డిగ్రీల స్పెక్ట్రమ్ తీసుకోండి, ఎప్పుడో పొద్దున తీసినది కాదు. ఫిట్‌లో, అంటే వీటన్నిటినీ కొలిచిన స్పెక్ట్రమ్‌తో సరిపోల్చాక, మిగిలిన భాగం గజిబిజిగా ఉంటే అది నాయిస్, ఒక ఆకారం కనిపిస్తుంటే ఏదో తప్పు జరుగుతోంది. ఓ4 గాలిలో ఎంతుంటుందో తెలిసిందే కాబట్టి, నిమిషాల్లో దాని విలువ ఎగిరిపడుతుంటే మబ్బులు వచ్చాయని అర్థం.

ఏ ఎత్తున ఎంతుందో తేల్చే ప్రొఫైల్ లెక్కల జోలికి పోకుండా మొదటి జవాబు కావాలంటే 30 డిగ్రీల విలువ చాలు. ఆ కోణంలో దారి నిలువుకు సుమారు రెట్టింపు, నడినెత్తి వాటా ఒకటి తీసేస్తే మిగిలేది ఒకటే, అంటే ఫిట్ ఇచ్చిన అంకే దాదాపు నిలువు మొత్తం. ఉదాహరణకు చదరపు సెంటీమీటర్‌కు 1 పక్కన 16 సున్నాల అణువులు వచ్చాయనుకోండి. అవన్నీ కింది 1 కిలోమీటర్ గాలిలోనే సమంగా కలిసి ఉన్నాయనుకుంటే 4 పీపీబీ (వంద కోట్ల గాలి అణువుల్లో 4), ఘనపు మీటర్‌కు సుమారు 7.6 మైక్రోగ్రాములు. ఆ పొర 500 మీటర్లే అయితే అదే అంకె 8 పీపీబీ అవుతుంది. అందుకే చలికాలం పొద్దున మీ అంకె పెద్దగా లేకపోయినా రోడ్డు పక్కన గాలి నాణ్యత బోర్డు ఎక్కువ చూపిస్తే మిషన్‌ను అనుమానించకండి, పొర ఎంత మందంగా ఉందో చూడండి.