ఇంగ్లాండ్‌లో రెస్టారెంట్ ముందు బల్లలు వేసుకోవడానికి పేవ్‌మెంట్ లైసెన్స్: దరఖాస్తు విధానం

కోవిడ్ లాక్‌డౌన్ తర్వాత తలుపులు తెరిచిన పబ్బులు, రెస్టారెంట్లకు లోపల జనాన్ని ఎడంగా కూర్చోబెట్టక తప్పలేదు. బల్లలు తగ్గాయి, బేరాలు తగ్గాయి, అద్దె మాత్రం తగ్గలేదు. వాళ్లు నిలదొక్కుకోవడానికి 2020 జూలై 22న వచ్చిన బిజినెస్ అండ్ ప్లానింగ్ చట్టం రెండు వెసులుబాట్లు ఇచ్చింది. ఒకటి, దుకాణం ముందు కాలిబాట మీద బల్లలు, కుర్చీలు వేసుకోవడానికి త్వరగా తేలే లైసెన్స్. రెండోది, లోపల కూర్చుని తాగేవాళ్లకు మాత్రమే మద్యం అమ్మే అనుమతి ఉన్నవాళ్లు బయటికి కూడా అమ్ముకునే వీలు. మొదటిది 2024 మార్చి 31 నుంచి శాశ్వతమైంది. రెండోది 2025 మార్చి 31తో ముగిసింది. దరఖాస్తు పెట్టే ముందే ఈ తేడా బుర్రలో ఉంచుకోండి, దీని దగ్గరే చాలామంది పొరబడే ప్రమాదం ఉంది.

తినేవీ తాగేవీ అమ్మే ఏ వ్యాపారమైనా అడగవచ్చు: పబ్బు, బార్, రెస్టారెంట్, కాఫీ షాపు, ఐస్‌క్రీమ్ పార్లర్. దరఖాస్తు మీ కౌన్సిల్‌కే (మీ ప్రాంతపు స్థానిక పాలక సంస్థ), లండన్‌లో అయితే మీ బరోకి, అంటే మీ ప్రాంతపు నగర విభాగం కౌన్సిల్‌కి. ఫీజు కౌన్సిల్ నిర్ణయిస్తుంది. అయితే కొత్త లైసెన్స్‌కు 500 పౌండ్లు, రెన్యువల్‌కు 350 పౌండ్లు దాటకూడదు. విడిగా ప్లానింగ్ పర్మిషన్ (స్థలాన్ని అలా వాడుకోవడానికి అనుమతి) అక్కర్లేదు, ఈ లైసెన్స్ ఇస్తే అదీ ఇచ్చినట్టే.

ఫారం నింపడం పెద్ద పని కాదు. అసలు పనంతా ప్లాన్ గీయడంలో ఉంది. టేపు పట్టుకుని బయటికి వెళ్లండి. గోడ నుంచి రోడ్డు అంచు దాకా ఎంతుందో కొలవండి. దీపస్తంభం, చెత్తడబ్బా, బస్‌స్టాప్, చెట్టు, ఏదున్నా గీతలో చూపించండి. బల్లలు వేశాక మనుషులు నడవడానికి 2 మీటర్లు మిగిలితే మంచిది. చోటు లేనప్పుడు సాధారణంగా 1.5 మీటర్లను కనీసంగా చూస్తారు. బల్ల కొలత ఒక్కటే లెక్కేస్తే చాలదు. కుర్చీ వెనక్కి జరిపి మనిషి కూర్చున్నాక ఎంత మిగులుతుందో చూడాలి. చక్రాల కుర్చీలో వచ్చే ఆవిడ, చేతికర్రతో దారి తడుముకునే చూపులేని మనిషి, పిల్లల బండి తోసుకొచ్చే తల్లి అక్కడ ఇబ్బంది లేకుండా వెళ్లగలగాలి. కాలిబాట ముందు వాళ్లది, తర్వాతే మన వ్యాపారానిది. రెండు బల్లలు తగ్గినా సరే, దారి వదలండి. కౌన్సిల్ కాదంటే అప్పీలుకు చట్టంలో దారి లేదు కాబట్టి ఈ కొలతలు మొదటిసారే సరిగ్గా ఉండాలి.

సామాను తేలిగ్గా తీసి రాత్రికి లోపల పెట్టుకునేలా ఉండాలి. నేలలో బిగించినవి కుదరవు. బయట పొగ తాగనిస్తే, పొగ లేని చోట కూర్చునే ఏర్పాటు కూడా ఉండాలి. పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (బయటివాళ్లకు దెబ్బ తగిలినా నష్టం జరిగినా భరించే బీమా) కాగితం అడుగుతారు, ముందే సిద్ధం చేసుకోండి.

దరఖాస్తు పంపిన రోజే, దారిన పోయేవాళ్లు చదవగలిగేలా దుకాణం బయట నోటీసు అంటించాలి. అభిప్రాయాల గడువు పూర్తయ్యేదాకా అది చెక్కుచెదరకూడదు. వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టండి, అంటించిన రోజే ఫోటో తీసి దాచుకోండి. మర్నాటి నుంచి 14 రోజులు జనం తమ మాట చెబుతారు. ఆ తర్వాత 14 రోజుల్లో కౌన్సిల్ తేల్చాలి. తేల్చకపోతే రెండేళ్లపాటు చెల్లే లైసెన్స్ వచ్చినట్టే లెక్క. మేడ మీద కాపురముండే పొరుగువాళ్లతో ముందే వెళ్లి మాట్లాడటం నా దృష్టిలో ఫారమంత ముఖ్యం. రాత్రి ఎన్నింటికి బల్లలు లోపల పెడతారో మీ నోటే వింటే, అభ్యంతరం రాసేముందు వాళ్లు ఒకసారి ఆలోచిస్తారు.

ఇక మద్యం సంగతి. పేవ్‌మెంట్ లైసెన్స్ బల్లలకే గానీ బల్ల మీది బీరుకు కాదు. మీ ప్రెమిసెస్ లైసెన్స్ (ఆ చోట మద్యం అమ్ముకోవడానికి ఇచ్చిన అనుమతి) తీసి, దానికి జతచేసిన ప్లాన్‌లో కాలిబాట ఉందో లేదో, బయటికి అమ్మే అనుమతి రాసి ఉందో లేదో చూడండి. రెండూ లేకపోతే కౌన్సిల్ లైసెన్సింగ్ విభాగాన్ని అడిగి, లైసెన్స్ మార్పు కోసం వేరుగా దరఖాస్తు పెట్టాలి. పూర్తి మార్పు అయితే అభ్యంతరాలకే 28 రోజులు పడుతుంది. వేసవిలో బల్లలు వేయాలనుకుంటే ఈ పని చలికాలంలోనే మొదలుపెట్టండి.

ఒక్క పండగకో, ఒక్క వారాంతానికో అయితే ఈ లైసెన్స్ మార్పు అక్కర్లేదు. కొద్దిరోజుల కార్యక్రమం గురించి కౌన్సిల్‌కు ఇచ్చే టెంపరరీ ఈవెంట్ నోటీసు చాలు. దానికి 21 పౌండ్లు, కనీసం 10 పనిదినాల ముందు ఇవ్వాలి. సిబ్బందితో కలిపి ఒకేసారి 499 మందికి, ఏకబిగిన 168 గంటలకు మించకూడదు. అయితే అది మద్యం అమ్మకం లాంటివాటికే, బల్లలకు కాదు. కాలిబాట మీద బల్ల వేయాలంటే పేవ్‌మెంట్ లైసెన్స్ అప్పుడూ కావాలి.