మొబైల్ హోమ్ పునాది బాగుచేయించాక ఇల్లు మళ్లీ కుంగితే వారంటీ కింద పని ఎలా చేయించుకోవాలి?

డాలస్ నుంచి ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో వరకు సాగే నేలను కర్నూలు రైతుకో ఆదిలాబాదు రైతుకో చూపిస్తే, తడుముకోకుండా నల్లరేగడి అంటారు. ఒకప్పుడు పత్తికి పేరుపడిన ఆ బంకమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలిస్తుంది. ఊరి బయట ఎకరమో రెండెకరాలో కొన్న తెలుగువారిలో కొందరికి, స్థలంతో పాటే అందులో అప్పటికే నిలబెట్టిన మొబైల్ హోమ్ కూడా వస్తుంది. నాలుగు వానలు పడ్డాక తలుపులు పట్టేస్తాయి, నేల ఒక పక్కకు వాలుతుంది. డబ్బు పోసి పునాది సరిచేయించి, వారంటీ కాగితం బీరువాలో దాచుకుని నిశ్చింతగా ఉన్న ఏడాదికి మళ్లీ అదే తలుపు పట్టేస్తే, కంపెనీ వాళ్లు వచ్చి చూసి "మా పని బాగానే ఉంది, కదిలింది నేల" అని చెప్పి వెళ్లిపోతారు. ఆ మాట దగ్గర ఆగిపోకుండా ఏమేం చేయాలో, ఏది ముందు ఏది వెనుక చేయాలో టెక్సాస్‌ను దృష్టిలో పెట్టుకుని ఇక్కడ వివరిస్తున్నాను. ఇతర రాష్ట్రాల్లో చట్టాలు వేరు, అయితే కొలతలూ ఉత్తరాలూ ఎక్కడైనా ఒకటే.

ముందుగా: మీరు కొన్నది ఏ పని?

మొబైల్ హోమ్ అంటే ఫ్యాక్టరీలో ఇనుప చట్రం మీద కట్టి, చక్రాల మీద తెచ్చి నిలబెట్టే ఇల్లు. 1976 జూన్ 15 నుంచి ఇవి హడ్ అనే అమెరికా కేంద్ర గృహనిర్మాణ శాఖ ప్రమాణాల ప్రకారం తయారవుతున్నాయి. ఆ తేదీ తర్వాత తయారైనవాటిని కాగితాల్లో మాన్యుఫాక్చర్డ్ హోమ్ అని రాస్తారు, జనం నోట మాత్రం పాత పేరే నిలిచిపోయింది. మన ఊళ్లలో ఇంటికి ఉండే రాతికట్టు పునాది వంటిది వీటిలో చాలావాటికి ఉండదు. నేల మీద పరిచిన పలకలపై కాంక్రీటు ఇటుకలు పేర్చి దిమ్మెలు కడతారు, ఆ దిమ్మెల మీద ఇనుప దూలాలు కూర్చుంటాయి, గాలికి ఇల్లు లేవకుండా భూమిలో దిగేసిన యాంకర్లకు పట్టీలతో బిగిస్తారు.

కాబట్టి "పునాది మరమ్మతు" పేరుతో జరిగేది ఎక్కువగా జాకీలతో ఇంటిని ఎత్తి, దిమ్మెలు మార్చి లేదా కొత్తవి చేర్చి, సందుల్లో చెక్క చీలికలు కొట్టి, పట్టీలు మళ్లీ బిగించి, ఇంటిని సమతలానికి తేవడం. మీ బిల్లులో వీటిలో ఏవేవి, ఎన్నెన్ని రాశారో చూడండి. "పునాది పని, మొత్తం ఇంత" అని ఒక్క ముక్కలో రాసి ఉంటే, ఏ దిమ్మెలు ముట్టుకున్నారో గుర్తులు పెట్టిన పటం ఇవ్వమని కంపెనీని ఈమెయిల్‌లో అడగండి. గొడవ మొదలుకాకముందు అడిగితే ఆ పటం ఇవ్వడానికి ఎవరూ పెద్దగా వెనకాడరు.

వారంటీ కాగితాన్ని పెన్సిల్ పట్టుకుని చదవండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే, ఎక్కువమంది దాటవేసేదీ ఇదే. మొదట ఆ హామీ ఎవరిదో తేల్చుకోండి. ఇల్లు తయారుచేసిన కంపెనీ హామీ వేరు, తొలిసారి నిలబెట్టిన ఇన్‌స్టాలర్ హామీ వేరు, తర్వాత మరమ్మతు చేసినవారి హామీ వేరు. హడ్ పర్యవేక్షించే వివాద పరిష్కార పద్ధతి కూడా ఇల్లు తొలిసారి నిలబెట్టిన నాటి నుంచి ఏడాదిలోపు తెలియజేసిన లోపాలకే పనికొస్తుంది. పాత ఇంటికి చేయించిన మరమ్మతు దాని పరిధిలోకి రాదు. అందువల్ల ఒకరి పనికి మరొకరి మీద ఫిర్యాదు పెట్టి నెలలు పోగొట్టుకోకండి.

తర్వాత హామీలోని క్రియాపదాన్ని వెతకండి. "ఇంటిని సమతలంగా ఉంచుతాము" అనడానికీ, "మేము అమర్చిన దిమ్మెలు కుంగితే సర్దుతాము" అనడానికీ ఎంతో దూరం ఉంది. రెండో వాక్యం ఉన్న కాగితమైతే, వాళ్లు ముట్టుకోని మూల కుంగినప్పుడు ఆ హామీ మీకు అక్కరకు రాదు. ఉచితంగా సర్దుతారా, మనుషుల కూలి మీరే ఇవ్వాలా అన్నది కూడా అక్కడే ఉంటుంది. "జీవితకాలం" అని పెద్ద అక్షరాల్లో ఉంటే ఎవరి జీవితకాలమో చూడండి: ఇంటిదా, మీ యాజమాన్యానిదా? ఇల్లు మీరు రెండో చేతి మీదుగా కొన్నట్లయితే, కొన్న ఇన్ని రోజుల్లోగా రుసుము కట్టి వారంటీ మీ పేరుకు మార్పించుకోవాలన్న షరతు ఉండవచ్చు. గడువు దాటిపోతే ఆ కాగితానికి విలువ ఉండదు.

ఆపైన మినహాయింపులు. నీటి గొట్టాల లీకు, వాననీరు నిలవడం, కరవు, వరద, చెట్ల వేళ్లు, ఇంటికి తర్వాత చేర్చిన వరండా, వేరేవాళ్లు దిమ్మెలను ముట్టుకోవడం వంటివి తరచుగా కనిపిస్తాయి. వీటన్నిటినీ కలిపి చూస్తే నేల కదలడానికి ఉన్న కారణాలన్నీ బయటికే పోయాయని మీకు అనిపించవచ్చు. ఆ అనుమానం తప్పేమీ కాదు, మిగిలిన కాస్త చోటులోనే మీ వాదన నిలబెట్టుకోవాలి. చివరగా నోటీసు ఏ చిరునామాకు, ఎలా పంపాలో, కోర్టుకు బదులు మధ్యవర్తి ముందుకే వెళ్లాలన్న షరతు ఉందో లేదో గుర్తుపెట్టుకోండి.

కొలవండి, కొలిచింది రాయండి

"ఇల్లు వాలిపోయింది" అనేది ఫిర్యాదు మాత్రమే. "వంటగది ఈశాన్య మూల హాలు మధ్య కంటే ముప్పాతిక అంగుళం కిందికి ఉంది, జనవరిలో పావు అంగుళమే" అని రాస్తే అది సాక్ష్యమవుతుంది. మన మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం ఇందుకు చక్కగా సరిపోతుంది. సన్నటి పారదర్శకమైన గొట్టంలో బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొసను ఇంటి మధ్యలో కదలని చోట స్కేలుకు కట్టి, రెండో కొసను ప్రతి గది మూలకూ తీసుకెళ్లి, నేల నుంచి నీటి మట్టం ఎంత ఎత్తులో ఉందో చదవండి. మూల దగ్గర అంకె పెరిగితే ఆ మూల దిగినట్టు. గదుల బొమ్మ గీసి అంకెలు వేసి, తేదీ రాసి, ప్రతి కొలతకూ ఫొటో తీయండి. నెలకొకసారి ఇదే పని ఇవే చోట్ల చేయండి. తివాచీ ఉన్న గదికీ పలకలు పరిచిన గదికీ నేల మందంలో ఉన్న తేడా మరవకండి.

ఎంత తేడా ఉంటే ఎక్కువ అనే ప్రశ్నకు, ఇలాంటి ఇళ్లను నిలబెట్టడానికి అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నమూనా ప్రమాణాలు (కేంద్ర నిబంధనల్లో 3285వ భాగం) ఒక కొలబద్ద ఇస్తాయి: పక్కపక్కనున్న రెండు ఆధారాల మధ్య పావు అంగుళానికి మించి తేడా ఉండకూడదు, బయటి తలుపులూ కిటికీలూ పట్టేయకుండా తెరుచుకోవాలి. ఇది కొత్త ఇంటిని నిలబెట్టేవారి కోసం రాసిన నియమం. మీ మరమ్మతు ఒప్పందంలో దీని ప్రస్తావన ఉంటే బలంగా పనిచేస్తుంది, లేకపోయినా "సరిగా చేసిన పని" అంటే ఏమిటో చెప్పడానికి అక్కరకొస్తుంది. పని ముగిసిన రోజు కంపెనీ తీసిన కొలతల పట్టిక మీ దగ్గర లేకపోతే వెంటనే అడగండి. ఆనాటి అంకెలు లేకుండా ఈనాటి అంకెలు సగమే మాట్లాడతాయి.

ఇంటి అడుగు భాగాన్ని చుట్టూ కప్పే స్కర్టింగ్ పలకలు విప్పి ఇంటి కిందికి చూసేటప్పుడు టార్చి వేసి బయటి నుంచే ఫొటోలు తీయండి. జాకీ మీదున్న ఇంటి కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి. పాములకూ నల్ల సాలీళ్లకూ అది ఇష్టమైన చోటని టెక్సాస్‌లో కొన్నాళ్లున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

నీటి సంగతి మీరే ముందు తేల్చండి

కంపెనీ మొదట చూపేది నీటినే. అందుకే వాళ్లను పిలవకముందే మీ వైపు తప్పు లేకుండా చూసుకోవాలి. లైసెన్సున్న ప్లంబరుతో గొట్టాలకు ఒత్తిడి పరీక్ష చేయించి రాతపూర్వకంగా ఫలితం తీసుకోండి. ఏసీ నుంచి కారే నీటి గొట్టం ఇంటి కిందే ముగుస్తోందేమో చూడండి, చాలా ఇళ్లలో అసలు దొంగ అదే. ఇంటి గోడ నుంచి బయటికి 10 అడుగుల వరకు, అడుగుకు అర అంగుళం చొప్పున నేల పల్లంగా ఉండాలన్నది పైన చెప్పిన ప్రమాణాల్లోని నియమమే. అలా లేకపోతే మట్టి పోయించి సరిచేయించి రసీదులు దాచండి. స్థలం మొబైల్ హోమ్ పార్కు నడిపేవాళ్లదై మీరు అద్దె మాత్రమే కడుతుంటే, నీరు పోయే దారి వాళ్ల బాధ్యతా మీ బాధ్యతా అనేది లీజులో చూసి, వాళ్లకు విడిగా ఉత్తరం రాయండి.

అయితే దిమ్మెలను మాత్రం ముట్టుకోకండి. తెలిసినవాడొకడు వచ్చి రెండు చెక్క చీలికలు కొట్టి వెళితే ఆ రాత్రికి తలుపు మూసుకోవచ్చుగాని, వారంటీ కూడా దానితోపాటే మూసుకుపోవచ్చు.

ఇంజినీరు ఎప్పుడు?

కోరుతున్న పని విలువ పెద్దదైనప్పుడు, టెక్సాస్‌లో లైసెన్సున్న ప్రొఫెషనల్ ఇంజినీరును, ఏ మరమ్మతు కంపెనీతోనూ సంబంధం లేని వ్యక్తిని పెట్టుకోండి. "పునాది ఎలా ఉంది?" అని కాకుండా, "కదలికకు కారణం దిమ్మెల అమరికా, నేలా, నీరా? ఏ ఆధారంతో చెబుతున్నారు?" అని రాతలో అడగండి. జవాబు మీకు వ్యతిరేకంగా వచ్చినా ఆ ఖర్చు వృథా కాదు, ఓడిపోయే కేసు మీద పెట్టబోయే డబ్బు మిగులుతుంది.

ఉత్తరం రాయండి

ఫోన్లో ఎంతసేపు మాట్లాడినా చివరికి నిలిచేది కాగితమే. ఒప్పందం తేదీ, చెల్లించిన మొత్తం, వారంటీలోని ఏ పేరా కింద అడుగుతున్నారో దాని మాటలు యథాతథంగా, రెండు తేదీల కొలతలు, ప్లంబరు నివేదిక, మీరు కోరే పని, దానికి గడువు ఉండాలి. కోపం ఉండకూడదు. వారంటీలో చెప్పిన చిరునామాకు అందినట్టు రసీదు వచ్చే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, అదే ఈమెయిల్‌లో కూడా పెట్టండి. వాళ్లు చూడటానికి వచ్చిన రోజు మీ కొలతల చోట్లలోనే కొలవమనండి, ఇద్దరి అంకెలూ ఒకే కాగితం మీద రాసి సంతకం అడగండి. సంతకం పెట్టకపోతే ఆ సంగతిని సాయంత్రమే ఈమెయిల్‌లో మర్యాదగా నమోదు చేయండి.

వాళ్లు కాదంటే

టెక్సాస్ సుప్రీం కోర్టు 1987లో మెలోడీ హోమ్ కేసులో ఇచ్చిన తీర్పు మీ పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. ఫ్యాక్టరీలో తయారైన ఇంట్లో సింకు గొట్టం మురుగు గొట్టానికి సరిగా కలవక ఇల్లు చెమ్మగిల్లింది, బాగుచేయడానికి వచ్చినవారు మరింత పాడుచేశారు. ఉన్న వస్తువునో ఆస్తినో మరమ్మతు చేసేవారు పనివాడితనంతో చేస్తారన్న హామీ, రాయకపోయినా ఉన్నట్టేనని, దాన్ని వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదని కోర్టు చెప్పింది. ఇది చదివి సంబరపడకముందు 2013 నాటి మరో తీర్పు చూడాలి. ఒక పునాది మరమ్మతు కేసులో అదే కోర్టు, పని ఎలా ఉండాలో ఒప్పందంలోని హామీయే తగినంతగా వివరించినప్పుడు చట్టం ఊహించే హామీ స్థానంలో ఆ రాసిన హామీయే నిలుస్తుందని తేల్చింది. అంటే మీ కాగితంలో పని నాణ్యత గురించి ఒక వాక్యం ఉంటే, వాదన ఆ వాక్యం చుట్టూనే తిరుగుతుంది. ఇందాక పెన్సిల్ పట్టుకోమన్నది అందుకే.

మోసపూరిత వ్యాపార పద్ధతులపై టెక్సాస్ చట్టం కింద దావా వేయాలంటే మామూలుగా 60 రోజుల ముందు ఫిర్యాదు ఏమిటో, నష్టం ఎంతో చెబుతూ రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆ చట్టానికి కాలపరిమితి 2 ఏళ్లు, ఒప్పందం ఉల్లంఘనకు 4 ఏళ్లు. కంపెనీ "వచ్చే నెల వస్తాం" అని జరుపుతూ పోయినా ఈ గడియారం ఆగుతుందని అనుకోకండి. 2020 సెప్టెంబరు నుంచి, చిన్న మొత్తాల దావాలు వినే జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల వరకు దావాలు వినవచ్చు, అక్కడ వకీలు లేకుండానే మీ కొలతల పట్టికతో నిలబడవచ్చు. అంతకు మించిన మొత్తమైతే, లేదా మధ్యవర్తి షరతు ఉంటే, వకీలును ఒక గంటైనా సంప్రదించండి. పని చేసినవారు లైసెన్సున్న ఇన్‌స్టాలర్లయితే, రాష్ట్ర గృహ వ్యవహారాల శాఖలోని మాన్యుఫాక్చర్డ్ హౌసింగ్ విభాగానికి కూడా ఫిర్యాదు పంపవచ్చు. క్రెడిట్ కార్డుతో కట్టి ఇంకా బాకీ మిగిలి ఉన్నవారు, కంపెనీతో పరిష్కారానికి ప్రయత్నించామని చూపిస్తూ బ్యాంకుకు రాయడం మంచిది.

ఒప్పుకుంటే

చాలా కేసులు కోర్టు గుమ్మం ఎక్కకముందే సర్దుబాటవుతాయి. ఆ సంతోషంలో ముందుకు తోసిన కాగితం మీద సంతకం పెట్టేయకండి. "ఇకపై ఎలాంటి హక్కులూ కోరము" అన్న వాక్యం ఉంటే, అది ఈ ఒక్క మూల గురించేనా, మొత్తం వారంటీ గురించా అని తేల్చి రాయించుకోండి. ఏ దిమ్మెలు మారుస్తారో, ఎప్పటిలోగా పూర్తిచేస్తారో, మిగిలిన వారంటీ కాలం కొనసాగుతుందో లేదో అందులో ఉండాలి. జాకీలు దించిన రోజున వాళ్ల ఎదుటే మళ్లీ నీళ్ల గొట్టం పట్టి ప్రతి మూలా కొలిచి, ఆ పట్టిక మీద ఇద్దరూ సంతకం చేసి, ఒక ప్రతిని వారంటీ కాగితంతో కలిపి పిన్ను చేసి బీరువాలో పెట్టండి.