రీడింగ్ ఛాలెంజ్‌కి డ్యూయీ నంబర్లు వాడండి

లైబ్రరీలో టీనేజీ పిల్లలకు రీడింగ్ ఛాలెంజ్ పెడుతుంటే "ఎవరు ఎక్కువ పుస్తకాలు చదివితే వాళ్లకే ప్రైజు" అనకండి. బక్కపల్చటి పుస్తకాలన్నీ మొదటి వారంలోనే ఖాళీ అయిపోతాయి! దానికి బదులు పుస్తకం వెన్ను మీద అంటించిన డ్యూయీ నంబర్లతో, అంటే సబ్జెక్టును బట్టి లైబ్రరీ పుస్తకాలకు ఇచ్చే నంబర్లతో, ఆడించండి. 000 నుంచి 900 దాకా 10 విభాగాలు, ఒక్కో దాంట్లోంచి ఒక్క పుస్తకం చాలు. క్రికెట్ పిచ్చోడు 796 దగ్గరే ఆగిపోకుండా 520లో నక్షత్రాల పుస్తకం కూడా తిరగేస్తాడు. వంటల సరదా ఉన్నవాళ్లకు 641. 100, 200 అంటే ఫిలాసఫీ, మతం. అక్కడ కొందరు మొహం చిట్లిస్తారు, ఒక విభాగం వదిలేసే ఛాన్స్ ఇవ్వండి. రిపోర్టులు రాయమనొద్దు. నచ్చిన పేజీ ఒకటి చదివి వినిపిస్తే చాలు, టిక్కు పెట్టేయండి.