వేలు పెట్టమన్నప్పుడు ఏం అడగాలి: రేషన్ షాపు నుంచి పోలీస్ స్టేషన్ దాకా

పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతివేళ్ల మీద గీతలు తొందరగా అరిగిపోతాయి. పిక్క తొక్కలోంచి వచ్చే నూనె చర్మాన్ని తినేస్తుంది. రేషన్ షాపులో వేలిముద్ర సరిచూసే ఈపాస్ మిషన్ మీద వాళ్ల వేలు చాలాసార్లు పడదు. "వేలు పడలేదమ్మా, బియ్యం రావు" అని డీలరు అనగానే సంచి మడుచుకుని ఇంటికి వచ్చేస్తారు. చట్టం అలా వచ్చేయమని చెప్పలేదు. వేలిముద్ర అడగడానికి ప్రభుత్వానికి ఎంతవరకు హక్కుందో, ఎక్కడ ఆగాలో రాసి ఉంది. ఆ గీత ఎక్కడుందో తెలిస్తే కౌంటరు దగ్గర మాట్లాడటం తేలికవుతుంది.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. ఆ హక్కును ప్రభుత్వం తగ్గించాలంటే దానికి ఒక చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి తీసుకోకూడదు. షాపు దగ్గర ఇంత పెద్ద మాటలు అక్కర్లేదు. మూడు ప్రశ్నలు చాలు: ఏ చట్టం కింద అడుగుతున్నారు? దేనికి వాడతారు? వేలు పడకపోతే వేరే దారేంటి? ఎక్కువసార్లు పని జరిగేది మూడో ప్రశ్నతోనే.

రేషన్, పింఛను

ఇక్కడ "అసలు వేలే అడగకూడదు" అని వాదించొద్దు, ఓడిపోతారు. 2016 ఆధార్ చట్టంలోని 7వ సెక్షన్ సంచిత నిధి నుంచి, అంటే ప్రభుత్వ ఖజానా నుంచి ఇచ్చే సబ్సిడీలకు, సాయాలకు ఆధార్ అడగొచ్చని చెబుతోంది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు 4:1 తేడాతో దాన్ని నిలబెట్టింది. మీకు బలం 8వ సెక్షన్‌లో ఉంది. వేలు తీసుకునేవాళ్లు మీ అనుమతి తీసుకోవాలి, దేనికి వాడతారో చెప్పాలి. జబ్బు, గాయం, ముసలితనం, మిషన్ లోపం, ఇంకే కారణంతోనైనా సరిపోలకపోతే వేరే గుర్తింపు మార్గం చూపించాలి. ఈ చివరి మాట 2019 సవరణలో చేరింది. అంటే జీడిపిక్కలు కొట్టే ఆమెకు వేరే దారి చూపించడం డీలరు దయ కాదు, చెయ్యాల్సిన పని.

షాపు దగ్గర ఈ వరసలో వెళ్లండి. చెయ్యి సబ్బుతో కడిగి, బాగా తుడిచి, వేరే వేళ్లు కూడా ప్రయత్నించండి. బొటనవేలే కావాలని రూలేం లేదు. అదీ కాకపోతే కార్డులో పేరున్న ఇంకొకరు వచ్చి వెయ్యొచ్చు. కనుపాప మిషన్ ఉందేమో అడగండి. ఇవేవీ కుదరకపోతే వేలు పడనివాళ్ల పేర్లు రాసే మినహాయింపు రిజిస్టరులో రాసి, కార్డూ ఇంకో గుర్తింపూ చూసి ఇవ్వమనండి. వేలు పడలేదన్న ఒక్క కారణంతో రేషన్ ఆపొద్దని 2017 అక్టోబరు 24నే కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు రాసింది.

అప్పటికీ ఇవ్వకపోతే అక్కడ గొడవ పడటం కన్నా కాగితం మీద పెట్టడం మంచిది. చాలా ఫిర్యాదులు ఇక్కడే చచ్చిపోతాయి: "మాకు బియ్యం ఇవ్వలేదు" అని మాత్రం రాస్తారు. "ఆవిడ షాపుకే రాలేదు" అని డీలరు రాస్తాడు, ఫైలు మూసేస్తారు. తేదీ, టైము, షాపు నంబరు, కార్డు నంబరు, ఎన్నిసార్లు వేలు పెట్టారో రాస్తే అలా కుదరదు, ఎందుకంటే ఫెయిలైన ప్రయత్నం కూడా రికార్డులో ఉంటుంది. మైఆధార్ పోర్టల్‌లో లేదా ఎంఆధార్ యాప్‌లో "ఆథెంటికేషన్ హిస్టరీ" తెరిస్తే గత 6 నెలల్లోవి 50 దాకా కనిపిస్తాయి, పక్కన ఎర్రర్ కోడ్ ఉంటుంది. 300 అంటే వేలు సరిపోలలేదు. 330 అంటే మీ వేలు, కనుపాప ఎవరూ వాడకుండా మీరే బయోమెట్రిక్ లాక్ చేసి పెట్టారు. 997, 998 వస్తే గొడవ వేలిది కాదు, ఆధార్ నంబరే ఆగిపోయిందో తప్పు పడిందో చూసుకోవాలి. ఎన్నిసార్లు వేళ్లు తుడిచినా లాభం ఉండదు. ఆ తెర ఫోటో తీసి ఫిర్యాదుకు జత చెయ్యండి.

ఫిర్యాదు మండల తహసీల్దారుకు ఇవ్వండి, రేషన్ ఫిర్యాదుల నంబరు 1967కి ఫోన్ చెయ్యండి. అక్కడా కదలకపోతే సోమవారం శ్రీకాకుళం లేదా విజయనగరం కలెక్టరేట్‌లో జరిగే ఫిర్యాదుల పరిష్కార కార్యక్రమంలో ఇచ్చి, రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావద్దు. 1100కి ఫోన్ చేసి ఆ నంబరు చెబితే ఎక్కడుందో తెలుస్తుంది.

పింఛను దగ్గర కూడా ఇదే లెక్క. వేలు పడకపోతే సచివాలయం వాళ్లను కనుపాప, ముఖం చూడమనండి. మంచంపట్టిన మనిషిని ఆఫీసుకు మోసుకు రమ్మంటే 8వ సెక్షన్ పేరు చెప్పండి.

పదే పదే 300 వస్తుంటే ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి. ఫీజు 125 రూపాయలు. వెళ్లేముందు కొన్ని రోజులు తొక్క పని, సున్నం పని, సిమెంటు పని ఆపితే గీతలు కొంత తేలతాయి. పని నుంచి నేరుగా వెళితే అరిగిన వేళ్లే మళ్లీ రికార్డవుతాయి, డబ్బూ పోతుంది, పనీ జరగదు. వేళ్లు పూర్తిగా పోయినవాళ్లకు కనుపాపతో, కనుపాప కూడా లేకపోతే రెండూ లేకుండానే ఆధార్ ఇవ్వాలని కేంద్రం 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. ఆపరేటరు "వేళ్లు లేవు, కుదరదు" అంటే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చెయ్యండి.

తీసుకున్న వేలిముద్ర ఎక్కడికి వెళ్లకూడదు

ఇక్కడ ఆధార్ చట్టం 29వ సెక్షన్ గట్టిది. వేలిముద్ర, కనుపాప ఎవరికీ, ఏ కారణంతోనూ ఇవ్వకూడదు, ఆధార్ తయారీకి, గుర్తింపు సరిచూడటానికి తప్ప దేనికీ వాడకూడదు. రేషన్ డీలరైనా బ్యాంకు కరస్పాండెంటైనా వాటిని తన దగ్గర దాచుకోకూడదు. గోవాలో ఒక అత్యాచారం కేసు దర్యాప్తు కోసం సీబీఐ ఆధార్ వేలిముద్రలు కోరితే కింది కోర్టు ఇమ్మంది. 2014 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని ఆపేసింది, మనిషి రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరికీ పంపొద్దంది. ఇప్పుడు 33వ సెక్షన్ కింద హైకోర్టు జడ్జి కన్నా తక్కువ స్థాయి కోర్టు ఆధార్ వివరాలు బయటపెట్టమనలేదు, హైకోర్టు అన్నా వేలిముద్ర, కనుపాప అందులో ఉండవు.

ఫోటో సంగతి వేరు. చట్టం దాన్ని వేలిముద్రతో సమానంగా చూడదు, "కోర్ బయోమెట్రిక్" కింద లెక్కపెట్టదు. బహిరంగంగా ప్రచురించకూడదన్న నిషేధం మాత్రం ఉంది. లబ్ధిదారుల జాబితాలో ఆధార్ నంబర్లు, ఫోటోలు నోటీసు బోర్డుకు అంటించి ఉంటే అది ఆ నిషేధం దాటడమే, పంచాయతీ కార్యదర్శికి రాసి తీయించవచ్చు.

2023 డేటా రక్షణ చట్టం గురించి చాలామంది అడుగుతున్నారు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలలు గడువిచ్చారు. పైగా ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులు పెద్దవే. ఇప్పటికైతే మీ ఫిర్యాదు ఆధార్ చట్టం మీదే నిలబెట్టుకోండి.

పోలీసులు అడిగితే

ఇక్కడ ఆధార్ చట్టం కాదు, 2022 క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం చూడాలి. అది ఆ ఏడాది ఆగస్టు 4 నుంచి అమల్లో ఉంది. శిక్ష పడినవాళ్లు, మంచి నడవడికకు పూచీకత్తు ఇమ్మని ఉత్తర్వు ఉన్నవాళ్లు, నేరంలో అరెస్టయినవాళ్లు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లు వేలిముద్ర, అరచేతి ముద్ర, పాదముద్ర, ఫోటో, కనుపాప ఇవ్వాలి. తీసేది హెడ్ కానిస్టేబుల్ కన్నా తక్కువ హోదావాళ్లు కాకూడదు. అరెస్టయ్యాక "ఇవ్వను" అని పెనుగులాడితే అది ఇంకో కేసు అవుతుంది, అక్కడ మొండికెయ్యొద్దు. రాజ్యాంగంలోని 20(3) అధికరణం కాపాడుతుందని కొందరు లాయర్లు కానివాళ్లు చెబుతారు. వేలిముద్ర ఇవ్వడం తనమీద తాను సాక్ష్యం చెప్పుకోవడం కాదని 1961లోనే సుప్రీంకోర్టు 11 మంది ధర్మాసనం చెప్పేసింది.

అరెస్టు కాకుండా ప్రశ్నించడానికి పిలిచారు, లేదా రాత్రిపూట ఇచ్ఛాపురం దగ్గర హైవే మీద ఆపి మిషన్ మీద వేలు పెట్టమన్నారు. అప్పుడు మెల్లగా అడగండి: "నన్ను అరెస్టు చేశారా సార్? మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉందా?" మేజిస్ట్రేటు అనుకుంటే 5వ సెక్షన్ కింద ఎవరినైనా ఇమ్మనొచ్చు, ఆ ఉత్తర్వు చూపించాలి. రెండూ లేకపోతే వేలు ఇవ్వాల్సిన పని ఈ చట్టం ప్రకారం లేదు. అయినా తీసుకుంటే చేతులు లాక్కోకుండా, వద్దన్నానని సాక్షి ముందు చెప్పి, మర్నాడే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి.

రక్తం, లాలాజలం లాంటి జీవ నమూనాలకు మినహాయింపు ఉంది. ఆడవాళ్ల మీద, పిల్లల మీద నేరమో, 7 ఏళ్లు లేక అంతకు మించి శిక్ష పడే నేరమో కాకపోతే అరెస్టయిన మనిషి వాటిని నిరాకరించవచ్చు. ఈ మాట స్టేషన్‌లో ఎవరూ చెప్పరు.

రికార్డులు 75 ఏళ్లు ఉంచుతారు. అంతకుముందు శిక్ష పడని మనిషి విచారణ లేకుండా విడుదలైనా, కోర్టు విచారణకు ముందే కేసు నుంచి తప్పించినా (డిశ్చార్జి), అప్పీళ్లన్నీ ముగిశాక నిర్దోషిగా బయటపడినా వాటిని నాశనం చెయ్యాలి, కోర్టు కారణం రాసి వద్దంటే తప్ప. మీ ఊళ్లో ఎవరి కేసైనా కొట్టేశారంటే తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, 4వ సెక్షన్ రాసి, నాశనం చెయ్యమని లిఖితపూర్వకంగా అడగండి. అడగకుండా కూర్చుంటే ఏళ్లు గడుస్తాయి.

పిల్లలు

అయిదేళ్ల లోపు పిల్లలకు వేలిముద్ర తీసుకోరు. తర్వాత 5, 15 ఏళ్లకు అప్‌డేట్ చేయించాలి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ఆధార్ నమోదు కుదరదు. వేలు పడలేదని, ఆధార్ లేదని ఏ సాయమూ పిల్లలకు ఆపకూడదని ఆధార్ చట్టం 3ఏ సెక్షన్ చెబుతుంది, బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి కాదని 2018 తీర్పు చెప్పింది. 18 నిండిన 6 నెలల్లోపు తన ఆధార్ రద్దు చేసుకోమని ఆ బిడ్డే అడగొచ్చు.

లాక్, ఆర్టీఐ

భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలను కాపీ కొట్టి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసిన సంగతులు ఉన్నాయి. అందుకే ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి. మన జిల్లాల్లో దీనికి ఒక చిక్కుంది: ఆధార్‌కు లింకైన నంబరు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిచేసే కొడుకు దగ్గరుంటుంది, ఓటీపీ అక్కడికి వెళుతుంది. పింఛను రోజు పెద్దావిడ వేలు పెడితే 330 వస్తుంది. లాక్ పెట్టేముందే ఇంట్లో ఉండే ఫోన్ నంబరు లింక్ చేయించుకోండి, పింఛనుకు ముందు తాత్కాలికంగా తీయండి. అది 10 నిమిషాల్లో తనంతట మళ్లీ పడిపోతుంది, కాబట్టి మిషన్ ముందుకు వచ్చాకే తీయాలి.

ఏదైనా ఆఫీసు కొత్తగా ముఖం, వేలు అడగడం మొదలుపెడితే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు (ఆర్టీఐ) వెయ్యండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10, పేదరిక రేఖ దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా లేదు. అడగాల్సినవి: ఏ చట్టం, ఏ జీవో ఆధారంగా తీసుకుంటున్నారు, వివరాలు ఎక్కడ ఉంచుతున్నారు, ఎంతకాలం, ఇవ్వలేనివాళ్లకు ఏ ఏర్పాటు చేశారు. "ఎందుకు తీసుకుంటున్నారు" అని అడగొద్దు, అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని మొదటి అప్పీలు అధికారికి వెళ్లండి. జీవో నంబరు లేని జవాబు వస్తే, దాన్నే కలెక్టరేట్ ఫిర్యాదుకు మొదటి పేజీగా జత చెయ్యండి.