'అవర్ హస్బెండ్' అంటే ఏం చేయాలి? కొరియన్ విద్యార్థుల ఇంగ్లిష్: సమస్యలు, పరిష్కారాలు

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక మా వైపు కొరియన్ కుటుంబాలు కనిపించడం మామూలైపోయింది. ఇంజినీర్లు, వాళ్ల భార్యలు, స్కూలుకెళ్లే పిల్లలు. వాళ్లకు ఇంగ్లిష్ చెప్పేవాళ్లలో నేనూ ఒకరిని. ఈ పనిలోకి కొత్తగా వచ్చే తెలుగువాళ్లకు ఉపయోగపడుతుందని, పదే పదే ఎదురైన తప్పులనూ వాటికి పనిచేసిన మందులనూ ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. వాళ్లకు గ్రామర్ రాదనుకుంటే పొరపాటు. కొరియాలో ఏటా నవంబరులో జరిగే సునుంగ్ అనే యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లిష్ పేపరు 45 ప్రశ్నలు, 70 నిమిషాలు. అందులో 17 వినే ప్రశ్నలు. ఆ వినే భాగం నడిచేటప్పుడు చప్పుడు అడ్డం రాకూడదని దేశమంతటా 35 నిమిషాలు విమానాలను పైకి లేవనివ్వరు, కిందికి దిగనివ్వరు. అంత సీరియస్ పరీక్ష. కానీ అందులో మాట్లాడేదీ లేదు, రాసేదీ లేదు. అందుకే ప్రెజెంట్ పర్ఫెక్ట్ రూల్ అడిగితే గడగడా అప్పజెప్పేవాళ్లు, నిన్న ఏం చేశారని అడిగితే తడబడతారు. కాబట్టి తప్పు వినగానే రూలు చెప్పడం దండగ. ఆ తప్పు కింద ఏ కొరియన్ మాట ఉందో పట్టుకోవాలి.

ఇక్కడ మనకొక లాభం ఉంది, ఒక నష్టమూ ఉంది. కొరియన్‌లోనూ మనలాగే క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తులు మాట వెనకే అతుక్కుంటాయి, పెద్దాచిన్నా తేడా క్రియలోనే తెలిసిపోతుంది. అందుకని వాళ్ల తప్పు ఎక్కడ పుట్టిందో మనకు చటుక్కున తడుతుంది. నష్టం ఏమిటంటే, వాళ్లు చేసే తప్పు మనమూ చేసేదైతే అది మన చెవికి తప్పులాగే వినబడదు.

"ప్లీజ్ సెండ్ ద రిపోర్ట్ అంటిల్ ఫ్రైడే"

నా విద్యార్థి ఒకాయన, విడిభాగాల కంపెనీలో మేనేజరు, తన కింద పనిచేసే తెలుగు కుర్రాడికి ఇలాగే మెయిల్ పెట్టారు. ఆ కుర్రాడు సోమవారం ఒక రిపోర్టు పంపాడు. మంగళవారం ఇంకోటి. శుక్రవారం సాయంత్రానికి ఐదు రిపోర్టులు. "టీచర్, అతను చాలా కష్టపడతాడు, కానీ ఎందుకు?" అని ఆయన నన్ను అడిగారు.

కారణం: కొరియన్‌లో 'క్కాజి' అనే ఒకే ప్రత్యయం రెండు పనులూ చేస్తుంది. శుక్రవారం వరకు ఆగినా క్కాజినే, శుక్రవారంలోపు పంపినా క్కాజినే. మనకు 'వరకు', 'లోపు' వేరువేరుగా ఉన్నాయి కాబట్టి తేడా మనకు స్పష్టం. వాళ్లకు ఆ గీత సొంత భాషలో లేదు, కొత్తగా గీయాలి.

పరిష్కారం: నిజంగానే గీయించాలి. క్యాలెండరు ముందు పెట్టి, సోమవారం నుంచి శుక్రవారం దాకా పెన్ను ఎత్తకుండా గీత లాగమంటాను. ఆగడం, ఉండడం, పనిచేస్తూ ఉండడం అన్నీ గీత పనులు, వాటికి 'అంటిల్'. తర్వాత ఆ ఐదు రోజుల్లో ఎక్కడో ఒకచోట చుక్క పెట్టమంటాను. పంపడం, పూర్తిచేయడం, చేరుకోవడం చుక్క పనులు, వాటికి 'బై'. మేనేజరు గారు ఇప్పుడు మెయిల్ రాసేటప్పుడు బల్ల మీద వేలితో చుక్క పెట్టుకుంటారు. నేను చూశాను.

"డిడంట్ యూ డూ ద హోంవర్క్?" "యెస్."

చేశాడా, చేయలేదా? మొదటి నెలంతా ఈ జవాబు నాకు మామూలుగానే వినబడింది, ఎందుకంటే మనదీ అదే లెక్క. "హోంవర్క్ చేయలేదా?" అంటే "ఆ, చేయలేదు" అంటాం. కొరియన్‌లో 'నే' అంటే 'మీరన్నది నిజమే' అని. అడిగినవాళ్ల మాటతో ఏకీభవించడం. ఇంగ్లిష్‌లో 'యెస్'కి అడిగినవాళ్లతో పనిలేదు, జరిగిన సంగతితోనే పని.

దీనికి వివరణ కన్నా ఆట నయం. ఒక పెన్ను చేతికిచ్చి, "ఈజ్ దిస్ ఎ పెన్?" అని ఒకసారి, "ఇజంట్ దిస్ ఎ పెన్?" అని ఇంకోసారి, కలగాపులగంగా ఇరవైసార్లు అడగాలి. పెన్ను చేతిలో ఉన్నంతసేపు జవాబు 'యెస్' తప్ప మరొకటి రాకూడదు. తర్వాత పెన్ను తీసేసి చెంచా పెట్టాలి. ఒక్క 'యెస్', ఒక్క 'నో' దగ్గర ఆగనివ్వకండి. "నో, ఐ డిడంట్" అని తోక కూడా చెప్పించండి. తోక ఉంటే తల తప్పినా అర్థం నిలబడుతుంది. మన పిల్లలకూ ఇదే మందు.

"ఐ యామ్ కాఫీ", "టుడే ఈజ్ బిజీ", "ఐ యామ్ అగ్రీ"

చూడ్డానికి మూడు తప్పులు, వేరు ఒకటే. కొరియన్‌లో 'ఉన్' లేదా 'నున్' అనే ప్రత్యయం ఉంది. దేని గురించి మాట్లాడుతున్నామో దాని వెనక చేరుతుంది. మన 'అయితే'కి దగ్గర: నేనైతే కాఫీ, ఇవాళైతే బిజీ. హోటల్లో అందరూ ఆర్డర్ చెప్తుంటే మనమూ "నేను కాఫీ" అనే అంటాం కదా. అయితే బడిలో మొదటి పాఠం "నానున్ హక్సెంగ్ ఇమ్నిదా", ఇంగ్లిష్‌లో "ఐ యామ్ ఎ స్టూడెంట్". అక్కడే పిల్లాడి బుర్రలో 'నున్' వెళ్లి 'యామ్'కి అతుక్కుపోతుంది. ఇక నోరు తెరిస్తే "ఐ యామ్".

పైగా కొరియన్‌లో 'అందంగా ఉండటం', 'ఎత్తుగా ఉండటం' లాంటివన్నీ క్రియల్లాగే కాలాన్ని బట్టి మారతాయి. అందుకని అవసరం లేనిచోట 'యామ్' వచ్చి కూర్చుంటుంది, అవసరమైనచోట "షీ ప్రెటీ" అని ఎగిరిపోతుంది.

నేను చేయించేది ఇది: 'నున్' ఉన్న పది కొరియన్ వాక్యాలు కాగితం మీద రాసిస్తాను. వాక్యం మొత్తం ఇంగ్లిష్‌లోకి మార్చనివ్వను. కర్త ఎవరో ఒక్క మాటలో చెప్పాలి, అంతే. 'ఇవాళైతే బిజీ' - బిజీగా ఉన్నది ఎవరు, ఇవాళా, నువ్వా? 'ఐ'. తర్వాతది. రెండు నిమిషాల్లో పది అయిపోతాయి. రోజూ చేస్తే రెండు మూడు వారాల్లో 'టుడే ఈజ్ బిజీ' తగ్గుముఖం పడుతుంది. 'ఐ యామ్ అగ్రీ' మాత్రం మొండిది. దానికి నా దగ్గర ఓపిక తప్ప వేరే మందు లేదు.

"అవర్ హస్బెండ్ ఈజ్ ఇన్ ద ప్లాంట్"

మొదటిసారి విన్నప్పుడు నవ్వు ఆపుకోవడం కష్టమే. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. మనం ఏమంటాం? మా ఆయన. మా ఆవిడ. మా ఇల్లు, మా ఊరు, మా అమ్మ. నా మొగుడు అన్నామంటే ఎవరితోనో గొడవకి దిగినట్టే. కొరియన్‌లో ఆ 'మా'కి మాట 'ఉరి'. (తెలుగులో దీని అర్థం చెప్పాక ఆ రోజు క్లాసులో పాఠం సాగలేదు.) భర్తనూ, ఇంటినీ, దేశాన్నీ 'ఉరి' అనే చెప్పుకుంటారు, అది ఆప్యాయత. ఇంగ్లిష్‌లో 'అవర్' అంటే పంపకాల లెక్క: ఎంతమందికి చెందుతుందో అంతమంది.

"ఇంకెవరికైనా వాటా ఉందా?" అని అడిగితే చాలు, ఇక మర్చిపోరు. ఇంటికి 'అవర్ హౌస్' అంటే దిద్దనక్కర్లేదు, అందులో నలుగురు ఉంటారుగా.

మాట సరైనదే, చోటు తప్పు

వొకాబులరీ జాబితాలు బట్టీపట్టిన పిల్లలకు వచ్చే జబ్బు ఇది. ఒక కొరియన్ మాటకి ఒక ఇంగ్లిష్ మాట అని నేర్చుకున్నారు. ఆ కొరియన్ మాట ఎన్ని పనులు చేస్తుందో అన్నిటికీ ఆ ఒక్క ఇంగ్లిష్ మాటనే వాడేస్తారు.

"ఐ హావ్ ఎ ప్రామిస్ టునైట్." ఎవరికి మాటిచ్చారో అనుకుంటాం. సంగతి ఏమీ ఉండదు, స్నేహితురాలితో భోజనం. 'యక్సోక్' అంటే మాటివ్వడమూ అవుతుంది, ఫలానా టైముకి కలుద్దామనుకోవడమూ అవుతుంది. దిద్దేటప్పుడు ఒకే ప్రశ్న వేయండి: ఎవరితో? డాక్టరుతో అయితే 'అపాయింట్‌మెంట్', స్నేహితులతో అయితే 'ప్లాన్స్', బాసుతో అయితే 'మీటింగ్'. అమ్మాయో అబ్బాయో అయితే 'డేట్', అది చెప్పాలా వద్దా వాళ్లిష్టం.

నలభై దాటిన ఇంజినీరు "ఆన్ సండే ఐ ప్లేడ్ విత్ మై ఫ్రెండ్స్" అంటే దాని కింద ఉన్నది 'నోల్దా'. పిల్లలు ఆడుకున్నా, పెద్దలు కాలక్షేపం చేసినా అదే మాట. ఏ ఆట అని అడగండి. ఆట పేరు చెప్పలేకపోతే 'ప్లే' తీసేసి 'హంగ్ అవుట్' పెట్టించండి.

"మై హెడ్ ఈజ్ సిక్": 'ఆపుదా' అంటే నొప్పి కూడా, ఒంట్లో బాగోలేకపోవడం కూడా. మనిషి 'సిక్', అవయవం 'హర్ట్స్'. ఇది ఒక్కసారి చెబితే సరిపోతుంది.

"ఐ యామ్ హార్డ్ దీజ్ డేస్" మాత్రం వెంటనే, పక్కకు పిలిచి మరీ దిద్దాల్సింది. నలుగురిలో అంటే ఇంగ్లిష్ బాగా తెలిసినవాళ్లు మొహం పక్కకు తిప్పుకుంటారు, పాపం అన్నవాళ్లకు ఎందుకో తెలియదు. 'హిమ్‌దుల్దా' అంటే పని కష్టంగా ఉండటం, మనిషి కష్టంలో ఉండటం రెండూ. కష్టమైన పనికే 'హార్డ్'. మనిషికి "ఐ యామ్ హావింగ్ ఎ హార్డ్ టైమ్".

గ్రామర్ తప్పు లేదు, కానీ ఎదుటివాళ్లు నొచ్చుకున్నారు

ఏదైనా వివరించాక విద్యార్థి "ఐ నో" అంటాడు. మనకు చురుక్కుమంటుంది. అతని మనసులో ఉన్నది 'అల్గెస్సుమ్నిదా', అంటే 'అర్థమైందండీ', ఎంతో వినయంగా. 'తెలుసు'కీ 'అర్థమైంది'కీ ఉన్న తేడా తెలుగులో మనకు తెలుసు కాబట్టి, ముందు మనం నొచ్చుకోకుండా "గాట్ ఇట్" అలవాటు చేయించాలి.

రెండోది 'హాడ్ బెటర్'. బడిలో దాన్ని 'అలా చేస్తే మంచిది' అనే అర్థంలో నేర్చుకుని వస్తారు. ఒకామె మా పక్కింటి పెద్దావిడతో "యూ హాడ్ బెటర్ గో టు ద హాస్పిటల్" అంది. సలహా అనుకునే అంది. వినేవాళ్లకు 'వెళ్లకపోతే నీ సంగతి చెప్తా' అన్నట్టుంటుంది. 'షుడ్' చాలు.

"ఎ", "ద" పూర్తిగా మాయం

కొరియన్‌లో ఆర్టికల్స్ లేవు, మనకూ లేవు. ఖాళీలు పూరించమంటే ఇద్దరమూ పూరిస్తాం, మాట్లాడమంటే ఇద్దరమూ మింగేస్తాం. ఈ తప్పు పూర్తిగా పోవడం నేను చూడలేదు, కాబట్టి నెలలో మాన్పిస్తానని ఎవరికీ హామీ ఇవ్వకండి.

సగం వరకు పనిచేసే ఉపాయం ఒకటుంది. అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. మొదటిసారి 'ఒక', రెండోసారి 'ఆ'. కొరియన్ కథల్లోనూ అలాగే మొదట 'హాన్', తర్వాత 'గు' వస్తాయి. వాళ్లకు తెలిసిన జానపద కథ ఏదైనా ముందు కొరియన్‌లో చెప్పమనండి, 'హాన్', 'గు' వచ్చినచోటల్లా బల్ల మీద తట్టమనండి. తర్వాత అదే కథ ఇంగ్లిష్‌లో. తట్టిన చోట్ల 'ఎ', 'ద' వాటంతట అవే వస్తాయి. సూర్యుడికీ చంద్రుడికీ ఎందుకు 'ద' అన్నది తర్వాత చూసుకోవచ్చు.

"టూ పేపర్", "మెనీ ఇన్ఫర్మేషన్స్" లాంటివాటికి మందు వాళ్ల దగ్గరే ఉంది. కొరియన్‌లో కాగితాలను 'జాంగ్'లలో, పుస్తకాలను 'గ్వన్'లలో లెక్కపెడతారు. 'షీట్' అంటే మీ జాంగే అని చెప్పగానే మొహాలు వెలుగుతాయి.

తల్లిని 'హీ' అనడం కూడా తరచూ వింటారు. కొరియన్ మాటల్లో అతను, ఆమె అనడం అరుదు, వరసో హోదానో చెప్పి పిలుస్తారు. ఫోన్లో ఇంటి ఫొటోలు చూపిస్తూ మాట్లాడిస్తే చాలు.

ఇంగ్లిష్‌లా వినిపించే కొరియన్

కారు స్టీరింగ్‌ని 'హ్యాండిల్' అంటారు, ల్యాప్‌టాప్‌ని 'నోట్‌బుక్', పరీక్షలో కాపీ కొట్టడాన్ని 'కన్నింగ్', జిమ్‌ని 'హెల్త్' అంటారు. హోటల్లో "దిస్ ఈజ్ సర్వీస్" అన్నారంటే మన భాషలో అది కొసరు, డబ్బులు తీసుకోరు. ఇవి తప్పులు కావు, కొరియన్ మాటలు. జుట్టు కత్తిరించుకోవడాన్ని మనం 'కటింగ్' అనుకున్నట్టే. అందుకే ఎర్ర పెన్నుతో కొట్టేయకుండా నోట్సులో రెండు వరసలు రాయిస్తాను: ఇంట్లో మాట, బయట మాట. స్టీరింగ్ బయట మాట, హ్యాండిల్ ఇంట్లో మాట.

ఇంక నేను దిద్దడం మానేసినది ఒకటుంది. పరీక్షకు వెళ్తున్న స్నేహితుడికి ధైర్యం చెప్పాలంటే వాళ్లు "ఫైటింగ్!" అంటారు. మొదట్లో అదీ బయట మాటల వరసలోకి రానిచ్చేదాన్ని కాదు. ఒక తొమ్మిదో తరగతి పిల్లాడు ఫోన్ తీసి చూపించాడు: 2021 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీలో చేర్చిన 26 కొరియన్ మూలం మాటల్లో 'ఫైటింగ్' ఒకటి. "టీచర్, ఏ వరసలో రాయాలి?" అని అడిగాడు. రెండింటిలోనూ రాయమన్నాను.