వానలకు ముందే సైకిల్ జాగ్రత్తలు

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. తిరుపతిలో బడికీ పనికీ సైకిల్ మీద వెళ్లేవారు ఈలోపే ఇవి చూసుకోండి.

• మలుపు తిరిగే బస్సుకు ఎడమ పక్కన దూరకండి. ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఇదే. బస్సు ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, ఇంకా లోపలికి జరిగి రోడ్డు అంచును రాసుకుంటూ వస్తాయి. ఆ మూలలో ఉన్న సైకిల్ డ్రైవరుకు అద్దంలో కనిపించకపోవచ్చు. అలిపిరి దారిలో బస్సులు ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటాయి. వెనకే ఆగండి, ఆలస్యమైనా సరే.

• రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే దిగవద్దు. లోతు తెలియదు, నీటి కింద గుంత ఉన్నా కనిపించదు.

• అరిగిన బ్రేకు రబ్బర్లు మార్చండి. తడిసిన రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది. అందుకే వానలో రెండు బ్రేకులూ ముందునుంచే, మెల్లగా నొక్కాలి.

• గొడుగు పట్టుకుని తొక్కకండి. ఒక చేతికి ఒక బ్రేకే అందుతుంది. పిల్లలకు ఇది గట్టిగా చెప్పండి.

• వెనక ఎర్ర లైటు బిగించండి. మబ్బు పట్టిన సాయంత్రం, బడి వదిలే వేళకే వెలుగు తగ్గిపోతుంది.

• చైనుకు నూనె వేసేటప్పుడు రిమ్ము మీద చుక్క పడనివ్వకండి, బ్రేకు జారుతుంది.