‘తెగుతుందేమో’ ఎక్కడ ‘తెగింది’ అవుతుంది?

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా వీధిని ముంచేసింది. గండ్లు పూడ్చాక కూడా ‘కట్ట మళ్లీ తెగింది’ అని పుకారు లేచింది. అది అబద్ధమని అధికారులు చెప్పేలోపే మా పక్కింటి పెద్దావిడ మందుల సంచీ పట్టుకుని మేడ మెట్లెక్కేసింది.

అప్పటినుంచి ఏ మెసేజ్ వచ్చినా ముందు క్రియ చూస్తాను. ‘వాన ఆగట్లేదు, కట్ట తెగుతుందేమో’ అంటే ఊహ. కారణం చెబుతోంది, అనుమానమేనని ఒప్పుకుంటోంది. ‘తెగిందట’ అంటే ఎవరు చూశారు, ఏ చోట, ఎన్నింటికి అని అడగండి. జవాబు దొరక్కుండానే ఎవరో ‘తెగింది’ అని పంపేస్తారు. కట్ట తెగకపోతే అది తప్పుడు సమాచారమే, పంపినవాళ్లకు దురుద్దేశం లేకపోయినా సరే. ఆ ‘ఏమో’ రాలిపోయేది మనలాంటివాళ్ల చేతుల్లోనే.

వీడియో వస్తే స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. పాత వరదదేమో చూడండి.

మీ ఊహ రాయాలనిపిస్తే ‘నా అనుమానం’ అని, ఎందుకో కూడా రాయండి. పొరపాటైతే మెసేజ్ తీసేసి ఊరుకోకండి. అదే గ్రూపులో ‘నేను పంపింది తప్పు’ అని పెట్టండి. చదివినవాళ్లు అప్పటికే ఇంకెవరికో పంపి ఉంటారు.